పత్రి దొరికే గట్టు ఉంటేనే పండగ

భాద్రపదం వచ్చిందంటే ఒకటే హడావుడి. మట్టి గణపతి పోస్టర్లు, స్కూళ్ళలో బొమ్మల పోటీలు, చౌరస్తాల్లో ఉచిత పంపిణీలు. కాలనీ వాట్సాప్ గ్రూపులో "అందరి కళ్ళూ మా పండగ మీదే" అని ఒకరు, "చెరువుల్ని చంపేస్తున్నారు" అని ఇంకొకరు. నిమజ్జనం అయిన రెండో రోజుకి ఆ గొడవంతా చల్లారిపోతుంది. మళ్ళీ చవితి వచ్చేదాకా చెరువు మాట ఎత్తేవాళ్ళుండరు.

నేను పండగలంటే ప్రాణం పెట్టే మనిషిని. చవితికి కుడుములు, ఉండ్రాళ్ళు, బతుకమ్మకి తొమ్మిది రోజుల ఆట, దసరా నాడు పెద్దల చేతిలో జమ్మి పెట్టి కాళ్ళకు దండం పెట్టడం, వీటిలో ఏ ఒక్కటీ వదులుకోను. ఎవరైనా పర్యావరణం పేరు చెప్పి పండగలు తగ్గించుకోండి అంటే నాకు కోపం వస్తుంది. కానీ ఆ కోపంతో పాటు ఇంకో ప్రశ్న కూడా వస్తుంది. మన పండగలకి ఏమేం కావాలో, అవి ఎక్కడి నుంచి వస్తాయో మనం చూస్తున్నామా?

ఒక్కో పండగ మనల్ని ఒక్కో చోటికి తీసుకుపోతుంది. చవితికి చెరువు మట్టి కావాలి, గట్టు మీది ఆకులు కావాలి. బతుకమ్మకి బీళ్ళు, చేల ఒడ్లు, నిండిన చెరువు కావాలి. దసరాకి జమ్మి చెట్టు, పాలపిట్ట కావాలి. ఈ చోట్లు పోయాక ఎంత మట్టి బొమ్మ తెచ్చుకున్నా, ఎంత గుడ్డసంచీ పట్టుకుపోయినా పండగకి అడుగున నేల ఉండదు. అందుకే నా వాదన ఏమిటంటే, పర్యావరణహితమైన పండగ అనేది పండగ రోజు కొనే సామాను లెక్క దగ్గర ఆగకూడదు. భక్తి ఉన్నవాళ్ళే చెరువు కోసం, గట్టు కోసం ఏడాది పొడుగునా అందరికంటే ముందు నిలబడాలి. ఆ హక్కు వాళ్ళకే ఎక్కువ ఉంది.

చవితి పత్రి సంగతే చూడండి. వ్రతంలో ఇరవై ఒక్క పత్రాల పేర్లు సంస్కృతంలో చదువుతుంటే ఏదో దొరకని మూలికల్లా వినిపిస్తాయి. తెలుగులో చెప్పుకుంటే చాలావరకు మన దోవ పక్కవే. దూర్వాయుగ్మం గరిక. అపామార్గం ఉత్తరేణి. అర్కం జిల్లేడు. దత్తూరం ఉమ్మెత్త. బృహతి వాకుడు. సింధువారం వావిలి. బదరి రేగు. శమి జమ్మి. అర్జున పత్రం వాగుల ఒడ్డున పెరిగే మద్ది చెట్టుది. వీటిలో సగానికి సగం ఎవరూ నాటరు, నీళ్ళు పోయరు. చెరువు కట్ట మీద, పొలం గట్టున, బాట పక్కన వాటంతట అవే వస్తాయి. అంటే ఈ పూజకి కావలసినది ఎవరి పెరడులోనిదో, ఎవరి దుకాణంలోనిదో కాదు. ఊరందరిదీ అయిన జాగాలోనిది. పిల్లలు పొద్దున్నే గంపలు పట్టుకుని వెళ్ళి ఆకు ఆకు పేరు అడిగి తెంపుకొచ్చేవాళ్ళు. ఉత్తరేణి గింజలు లంగాలకి అంటుకునేవి. జిల్లేడు పాలు కళ్ళల్లో పడకుండా జాగ్రత్త అని అమ్మ వెనక నుంచి కేకేసేది. చెట్లని గుర్తుపట్టడం నేర్పే చదువు ఏడాదికి ఒకసారి ఆ విధంగా జరిగేది.

ఇప్పుడు హైదరాబాద్‌లో చవితి ముందు రోజు ఏ మార్కెట్‌కి వెళ్ళినా పత్రి కట్టలు గుట్టలుగా ఉంటాయి. ఒక కట్ట విప్పి చూడండి. మామిడి కొమ్మ ఉంటుంది, నాలుగు గరిక పోచలు ఉంటాయి, మిగతాదంతా రోడ్డు పక్క నీడకోసం పెంచిన చెట్ల రెమ్మలు. ఆ ఆకుకి పేరు అమ్మేవాళ్ళకీ తెలియదు, కొనేవాళ్ళకీ తెలియదు. తెల్లవారక ముందే బస్సెక్కి ఊళ్ళ నుంచి వచ్చి కూర్చునే ముసలమ్మల దగ్గర కాస్త నయం. వెలగపండ్లు, తామర పూలు, మొక్కజొన్న పొత్తులు, అసలైన పత్రి కొంత వాళ్ళ దగ్గరే దొరుకుతుంది. ఒకామెని అడిగాను, "అవ్వా, ఉత్తరేణి లేదా, వాకుడు లేదా?" అని. "యాడికెళ్ళి తేవాలె బిడ్డా? గట్లు యాడున్నయ్ గిప్పుడు? అన్నీ ప్లాట్లే అయినయ్" అంది. ఈ విషయం మీద నేను చదివిన వ్యాసాలన్నిటికంటే ఆ మాట నాకు ఎక్కువ చెప్పింది.

ఇంకో సంగతి కూడా ఇక్కడే చెప్పాలి. పూజలో ఏదైనా దొరకనప్పుడు దాని బదులు అక్షతలు వేసి దండం పెట్టుకోవచ్చని పెద్దలు ఎప్పుడో దోవ చూపించారు. లేని ఆకు కోసం వీధిలో చెట్టుని మొండి చేయమని ఏ పూజా విధానమూ చెప్పదు. పత్రానికి ఒక్క ఆకు చాలు. కట్టలు కట్టలు తెచ్చి, పూజ అయ్యాక పాలిథిన్ కవర్లో కుక్కి చెత్త బండిలో వేయడం ఎక్కడి ఆచారం?

ఇక బొమ్మ విషయం. ప్లాస్టర్ ఆఫ్ పారిస్ ఎందుకు వద్దంటారో చాలామందికి తెలుసనుకుంటాం గానీ, "అది కూడా ఒక రకం మట్టే కదా" అనే మాట ఇప్పటికీ వింటూనే ఉన్నాను. జిప్సం రాయిని సుమారు 150 డిగ్రీల వేడి మీద కాలిస్తే అందులోని నీరు చాలావరకు పోయి తెల్లటి పొడి అవుతుంది. ఆ పొడిలో నీళ్ళు కలిపితే నిమిషాల్లో మళ్ళీ జిప్సంగా గడ్డకడుతుంది. నీళ్ళతోనే గట్టిపడిన పదార్థం నీళ్ళలో ఎలా విడిపోతుంది? లీటరు నీటిలో కరిగే జిప్సం రెండు, రెండున్నర గ్రాములే. బంకమట్టి బొమ్మ బకెట్‌లో పెడితే ముందు చేతుల అంచులు మెత్తబడతాయి, తొండం జారుతుంది, తెల్లారేసరికి అడుగున చిక్కటి బురద మిగులుతుంది. ప్లాస్టర్ బొమ్మ రంగు కొంత వదిలి అలాగే కూర్చుంటుంది. ఆ రంగులది ఇంకో కథ. చవక రకం పెయింట్లలో సీసం, క్రోమియం, కాడ్మియం లాంటి లోహాలు ఉంటాయి. అవి ఎక్కడికీ పోవు. చెరువు అడుగు బురదలో చేరి, అక్కడి నుంచి చేపల్లోకి వెళతాయి.

ఇంట్లో పాత ప్లాస్టర్ బొమ్మ ఉండిపోయి ఏం చేయాలో తెలియని వాళ్ళకి ఒక ఉపాయం ఉంది. పుణేలోని నేషనల్ కెమికల్ లేబొరేటరీ వాళ్ళు అమ్మోనియం బైకార్బనేట్ కలిపిన నీళ్ళలో చిన్న ప్లాస్టర్ విగ్రహాలు రెండు రోజుల్లో కరిగిపోయే పద్ధతి కనిపెట్టారు. అడుగున సున్నపు పదార్థం, పైన ఎరువుగా పనికొచ్చే నీళ్ళు మిగులుతాయి. పుణే నగరపాలక సంస్థ దాన్ని ప్రజల్లోకి తీసుకువెళ్ళింది. అయితే ఇది ఉన్న బొమ్మని వదిలించుకునే దారి మాత్రమే. దీన్ని చూపించి కొత్త ప్లాస్టర్ బొమ్మ కొనకూడదు.

కేంద్ర కాలుష్య నియంత్రణ మండలి 2020 మేలో మార్గదర్శకాలు సవరించి ప్లాస్టర్ ఆఫ్ పారిస్, థర్మోకోల్, ప్లాస్టిక్ విగ్రహాలకి వాడొద్దని స్పష్టంగా చెప్పింది. ఆ మరుసటి ఏడు మన దగ్గర ఏం జరిగిందో గుర్తు చేసుకోండి. 2021లో చవితి సెప్టెంబర్ 10. హుస్సేన్ సాగర్‌లో ప్లాస్టర్ విగ్రహాలు కలపొద్దని హైకోర్టు ఉత్తర్వు వచ్చింది సెప్టెంబర్ 9న. అప్పటికే వీధుల్లో మండపాలు లేచాయి, విగ్రహాలు లారీలెక్కాయి. వ్యవహారం సుప్రీంకోర్టు దాకా పోయి, ఈ ఒక్కసారికి అని సెప్టెంబర్ 16న అనుమతి తెచ్చుకున్నారు. ఒక పక్క చట్టం, ఒక పక్క భక్తి నిలబడి కొట్లాడుకున్నట్టు కనిపించింది గానీ, అసలు లోపం క్యాలెండర్‌లో ఉంది. విగ్రహాల పని చవితికి నెలల ముందే మొదలవుతుంది. అచ్చులు పోసేది ఎండాకాలంలో. అప్పుడు ఏ అధికారీ నగరంలో విగ్రహాలు తయారయ్యే ధూల్‌పేట వైపు చూడడు. సరుకంతా తయారయ్యాక వచ్చి ఇది నేరం అంటే అప్పు చేసి పెట్టుబడి పెట్టిన కుటుంబం ఏమైపోవాలి?

ధూల్‌పేట వాళ్ళని తిట్టడం తేలిక. వాళ్ళ ఇబ్బంది ఒకసారి దగ్గరగా చూడాలి. ప్లాస్టర్ అచ్చులో పోస్తే గంటలోపు బొమ్మ బయటికొస్తుంది, తేలిగ్గా ఉంటుంది, లారీలో కుదుపులకి తట్టుకుంటుంది. మట్టి బొమ్మకి గడ్డితో, వెదురుతో లోపలి కట్టు కట్టాలి, పొరలు పొరలుగా మట్టి పూయాలి, ఆరాలి. ఆషాఢ శ్రావణాల్లో ముసురు పడితే రోజుల తరబడి ఆరదు, ఆరేటప్పుడు పగుళ్ళు వస్తాయి, మళ్ళీ పూడ్చాలి. ఈ పని వచ్చిన బెంగాల్ కళాకారులు ప్రతి ఏడూ నగరానికి వచ్చి చేస్తున్నారు. మన వాళ్ళకీ చేతులున్నాయి, నేర్పు ఉంది. కావలసింది ముందస్తు ఆర్డర్, ఆరబెట్టడానికి షెడ్డు, చెరువు మట్టి తెచ్చుకోవడానికి అనుమతి. లక్షల్లో చిన్న మట్టి బొమ్మలు ఉచితంగా పంచే ప్రభుత్వ శాఖలు ఆ ఖర్చులో కొంత ఈ షెడ్ల మీద పెడితే ఫలితం ఎక్కువ కాలం ఉంటుందని నా నమ్మకం.

మట్టితో పెద్ద విగ్రహం నిలబడదు అనే మాట ఇప్పుడు చెల్లదు. 1954లో సింగరి శంకరయ్య ఒక్క అడుగు విగ్రహంతో మొదలుపెట్టిన ఖైరతాబాద్ గణేశుడు ఏటా దాదాపు ఒక్కో అడుగు పెరుగుతూ 2014కి అరవై అడుగులకి చేరాడు. చాలా ఏళ్ళు ప్లాస్టర్‌తోనే చేశారు. 2022లో మొదటిసారి మట్టితో చేశారు, యాభై అడుగులు. 2024లో డెబ్బై అడుగుల మట్టి విగ్రహం నిలబెట్టారు. రాష్ట్రంలో అందరికంటే ఎక్కువ మంది చూసే విగ్రహమే మారిందంటే, గల్లీ కమిటీలకి ఇంక చెప్పుకోవడానికి సాకు లేదు. ఆ కమిటీకి నా నమస్కారం.

అలాగని మట్టి అనగానే అంతా శుభ్రమైపోయిందని కాదు. మట్టయినా రంగులు రంగులే, లోపలి ఇనుము ఇనుమే. టన్నుల మట్టి ఒకే చోట, ఒకే రాత్రి పడితే అదీ పూడికే. నిమజ్జనం మర్నాడు టాంక్‌బండ్ వైపు వెళ్ళినవాళ్ళకి తెలుసు. క్రేన్ల కింద, గట్టు వెంబడి మొండేలు, విరిగిన చేతులు, వెదురు, గుడ్డలు, వాటి నడుమ ఇనుప చువ్వలు లాక్కుంటూ మెడ లోతు నీళ్ళలో కుర్రాళ్ళు. పదకొండు రోజులు హారతి పట్టిన దేవుణ్ణి జేసీబీ పంటితో ఎత్తి టిప్పర్‌లో పోస్తుంటే చూడలేక నేను తల తిప్పుకున్నాను. ఇది పర్యావరణం సంగతి అనే ముందు మర్యాద సంగతి. మళ్ళీ రావయ్యా అని సాగనంపిన దేవుడు నీళ్ళలో పూర్తిగా కలిసిపోవాలి. కలవని దానిని, చెరువు పట్టలేనంత దానిని తయారుచేయడమే ఆయనకి చేసే అపచారం. నలుగురు మనుషులు భుజం మీద మోయగలిగిన విగ్రహం ఏ వీధికైనా చాలు అంటాను. పక్క గల్లీ కంటే రెండడుగులు ఎత్తు పెట్టాలనే పంతానికీ భక్తికీ సంబంధం లేదు.

మా అపార్ట్‌మెంట్ కమిటీలో ఇదే మాట మీద పెద్ద చర్చ అయింది. "పిల్లలు సంతోషపడాలి కదా మేడమ్, మరీ అంత చిన్నదా?" అని సెక్రటరీ గారు అన్నారు. ఆయన మాటలో తప్పులేదు, ఆయన పిల్లల కోసమే ఆలోచిస్తున్నారు. నేను అన్నది ఒక్కటే, "పిల్లల చేతే చేయిద్దామండీ." మా ఊరి కుమ్మరి ఇంటి నుంచి పిసికిన మట్టి తెప్పించాం. సెల్లార్‌లో పాత చీరలు పరిచి పిల్లలంతా కూర్చున్నారు. పీట మీద చిన్న గద్దె, దాని మీద పొట్ట, పొట్ట మీద తల. చేతులు అతికించే చోట తడి వేలితో రాయాలని, లేకపోతే ఆరాక ఊడిపోతాయని వాళ్ళకి మా అత్తమ్మ చూపించింది. కళ్ళకి గురివింద గింజలు గుచ్చాం. నల్లచుక్క బయటికి కనిపించేలా పెడితే దేవుడు నిజంగానే చూస్తున్నట్టుంటాడు. ఆ పిల్లలు తొమ్మిది రోజులూ ఆ విగ్రహం దగ్గర నుంచి కదల్లేదు. పెద్ద టబ్బులో నిమజ్జనం చేసి, ఆ మట్టినీళ్ళు గేటు దగ్గర మొక్కలకి పోశాం. డాలస్‌లో ఉన్న మా చెల్లెలు కూడా పెరటి మట్టితో ఇలాగే చేసి గులాబీ కుండీలో కలుపుతుంది. అయినా ఒక మాట ఒప్పుకోవాలి. టబ్బు టబ్బే, చెరువు చెరువే. నగరపాలక సంస్థ కట్టించిన బేబీ పాండ్లు ఈ రోజుకి అవసరం. కానీ చెరువు గట్టున నిలబడి, మోకాలి లోతు నీళ్ళలోకి దిగి బొమ్మని వదిలే అనుభవం నా పిల్లలకి సిమెంటు తొట్టె ఇవ్వలేదు. నాకు చెరువు కావాలి.

ఇక్కడే మా వాట్సాప్ గ్రూపులో వినిపించే ఇంకో మాటకి వద్దాం. "ఏడాదంతా నాలాల్లో ఫ్యాక్టరీ నీళ్ళు, డ్రైనేజీ వదులుతుంటే నోరెత్తరు, ఒక్క పండగ వస్తే లేస్తారు." ఈ మాటలో నిజం ఉంది, దాన్ని కొట్టిపారేయకూడదు. 1560ల్లో ఇబ్రహీం కులీ కుతుబ్‌షా కాలంలో కట్టిన హుస్సేన్ సాగర్ 1930 దాకా ఊరికి తాగునీరు ఇచ్చింది. అది ఈ స్థితికి రావడానికి అసలు కారణం వినాయకులు కాదు. కూకట్‌పల్లి నాలా లాంటి వాటి వెంట ఏళ్ళ తరబడి వచ్చి చేరిన పారిశ్రామిక వ్యర్థాలు, మురుగు. సరే, ఒప్పుకున్నాం. ఒప్పుకున్నాక చేయవలసింది ఏమిటి? దేవుణ్ణి ఆ మురికినీళ్ళలో కలుపుతున్నందుకు ముందు కడుపు మండాల్సింది ఎవరికి? మనకి. మండపాలు కట్టే సంఘాలకి ఊళ్ళో ఉన్నంత బలం ఏ పర్యావరణ సంస్థకీ లేదు. వీధి వీధికీ యువకులు, చందా పుస్తకాలు, కార్పొరేటర్ నుంచి మంత్రి దాకా పరిచయాలు ఉన్నాయి. ఆ సంఘాలు ఒక్క ఏడాది "నాలాలో మురుగు ఆపండి, లేకపోతే మేం ఊరుకోం" అని కూర్చుంటే ఏ ప్రభుత్వమైనా కదులుతుంది. ఫ్యాక్టరీలు పాడు చేస్తున్నాయి కాబట్టి మేమూ కొంచెం చేస్తాం అనేది భక్తుడు ఆడవలసిన మాట కాదు.

బతుకమ్మ దగ్గరికి వస్తే నాకు మాటలు ఆగవు, ఎందుకంటే ఇంతకంటే నేలని అంటిపెట్టుకున్న పండగ నాకు తెలియదు. పెత్రమాస (భాద్రపద అమావాస్య) నాడు ఎంగిలిపూలతో మొదలై సద్దుల దాకా తొమ్మిది రోజులు. పూలే దేవత. తాంబాళంలో గుమ్మడాకులు పరిచి, చుట్టూ తంగేడు పూల వరస పెట్టి, నడుమ బోలుగా ఉన్న చోట ఆకులూ తుంచిన కాడలూ కూరాలి. లేకపోతే పైన బరువు పడగానే పక్కకి ఒరుగుతుంది. తర్వాత గునుగు. గుప్పెడు గుప్పెడు పట్టి కాడలన్నీ ఒక కొలతకి కోసి, దారంతో కట్ట కట్టి, తలలు బయటికి వచ్చేలా పేర్చాలి. మధ్యలో బంతి, కట్ల, పట్టుకుచ్చు. పైన గుమ్మడి పువ్వు, అందులో పసుపు గౌరమ్మ. మా నాయన, అన్న తెల్లారకముందే సైకిళ్ళ మీద పోయి టవల్లో మూటగట్టి గునుగు తెచ్చేవాళ్ళు. ఎక్కడి నుంచో కాదు, మక్క చేలల్లోంచి, పెసర చేలల్లోంచి, ఒడ్ల మీంచి. రైతులు కూడా ఏమనేవాళ్ళు కాదు, అది వాళ్ళకి కలుపే.

ఇప్పుడు ఆ కలుపే లేదు. కలుపు తీయడానికి కూలీలు దొరక్క, దొరికినా కూలి గిట్టక రైతు మందు కొడుతున్నాడు. పత్తి చేలు, మక్క చేలు శుభ్రంగా ఉంటాయి, గునుగు ఉండదు. ఊరి చివర తంగేడు చెట్లతో పచ్చగా ఉండే బీళ్ళు డోజర్లు తిరిగి, హద్దురాళ్ళు నాటిన వెంచర్లయ్యాయి. తంగేడు పువ్వు తెలంగాణ రాష్ట్ర పుష్పం అని పుస్తకాల్లో పిల్లలు చదువుతున్నారు. ఆ పువ్వు తెంపడానికి మా ఊళ్ళో ఇప్పుడు బండి వేసుకుని గుట్ట దాకా పోవాలి. సిద్దిపేటలో గునుగు కట్టకి బేరం ఆడుతున్న రోజులు వచ్చాయి. దొరికిన నాలుగు పూలకి అందం తెద్దామని కెమికల్ రంగుల్లో ముంచుతున్నారు. ఆ రంగు ఆడవాళ్ళ చేతులకి అంటుతుంది, చెరువులోకి దిగుతుంది. మా ఇంట్లో రంగు వేయడం పూర్తిగా మానేశాం. గునుగుకి సొంత రంగు ఉంది. తెలుపు, కొసన లేత గులాబీ. తంగేడు పసుపు పక్కన ఆ తెలుపు పెట్టి చూస్తే వేరే రంగు అక్కర్లేదు అనిపిస్తుంది.

రైతుని నేను తప్పు పట్టను. చేనంతా గునుగు పెరగనివ్వమని అడిగే హక్కు ఎవరికీ లేదు. ఒడ్ల మీద మాత్రం మందు కొట్టకుండా వదిలేయమని అడగొచ్చు. చెరువు కట్ట, శ్మశానం పక్క జాగా, గుడి మాన్యం, బడి వెనక ఖాళీ స్థలం, ఇవన్నీ పంచాయతీ చేతిలో ఉన్నవే. మంచి పేరు కోసం అక్కడ గడ్డి లాన్లు, రంగుల క్రోటన్లు వేస్తున్నారు. తంగేడు, గునుగు, కట్ల పెంచితే బతుకమ్మకి ఊరికి సరిపడా పూలొస్తాయి. నీళ్ళు పోయాల్సిన పనీ ఉండదు.

పూలు చెరువుని శుద్ధి చేస్తాయి, అది మన పూర్వీకుల సైన్సు అనే మాట ప్రతి ఏడూ ఫార్వర్డ్ అవుతుంది. నేను ఆ మాట చెప్పను. ఏ పువ్వయినా నీళ్ళలో కుళ్ళేటప్పుడు ప్రాణవాయువుని వాడుకుంటుంది. నిండుగా, విశాలంగా ఉన్న చెరువు దాన్ని అరాయించుకుంటుంది. మోకాలి లోతు కుంటలో ఊరి పూలన్నీ ఒక్కసారి పడితే చేపలు తేలతాయి. చెరువు ఎంత ఉంటే పండగ అంత భరిస్తుంది. కాబట్టి బతుకమ్మని కాపాడే మొదటి పని చెరువు శిఖం, అంటే నీళ్ళు నిండే నేల, కాపాడటం. రెండో పని తాంబాళం కింద థర్మోకోల్ ప్లేట్లు, ప్లాస్టిక్ పూలు, పాలిథిన్ కవర్లు నీళ్ళలోకి పోకుండా చూడటం. పూలు వదిలి తాంబాళం ఇంటికి తెచ్చుకోవడం మన అమ్మమ్మలు చేసిన పనే.

దసరా గురించి రెండు మాటలు. పాలపిట్టని చూస్తే శుభం అన్నారు. ఆ చూపు పొలాల్లో, కరెంటు తీగ మీద, స్వేచ్ఛగా ఉన్న పిట్టది. రెక్కలు కట్టి, పంజరంలో పెట్టి, డబ్బులు తీసుకుని చూపిస్తున్న పిట్టని చూస్తే శుభం ఎట్లా వస్తుంది? అది వన్యప్రాణి చట్టం ప్రకారం నేరం కూడా. చూసేవాళ్ళు డబ్బులివ్వడం మానేస్తే పట్టేవాళ్ళూ మానేస్తారు. జమ్మి విషయంలోనూ అంతే. ఆకు ఆకు పంచుకోవలసిన చోట కొమ్మలకి కొమ్మలే విరుస్తున్నారు. ఇక సంక్రాంతికి ఎగరేసే నైలాన్ మాంజా గురించి వాదించడానికి ఏమీ లేదు. జాతీయ హరిత ట్రిబ్యునల్ 2017లోనే నిషేధించింది. 2024 సంక్రాంతి ముందు లంగర్‌హౌస్ దగ్గర బండి మీద వెళ్తున్న ఒక సైనికుడి ప్రాణం తీసింది ఆ దారమే. పక్షుల లెక్క ఎవరు చూశారు? నూలు దారం దొరుకుతుంది. భోగి మంటలో టైర్లు వేయకూడదని కూడా ఇంకా చెప్పుకోవలసి రావడం బాధగా ఉంది. ఎండిన కట్టెలు, పిడకల దండలు వేసిన మంటకి పిల్లలు దగ్గరగా నిలబడగలరు. టైరు మంట దగ్గర నిలబెట్టి భోగి పళ్ళు పోస్తామా?

ఇన్ని చెప్పాక, జరిగిన మంచి కూడా చెప్పాలి. అంబర్‌పేటలో బతుకమ్మ కుంట అని ఒకటుంది. ఏళ్ళ తరబడి చెత్తతో, మట్టితో పూడి, పేరుకే కుంటగా మిగిలింది. 2025లో హైడ్రా (నగరంలో చెరువుల్ని, ప్రభుత్వ జాగాల్ని కాపాడే ప్రభుత్వ సంస్థ) దాన్ని తవ్వించి, కట్ట పోయించి, నీళ్ళు నింపి, సరిగ్గా ఆ ఏడాది బతుకమ్మ రోజుల్లో తెరిచింది. ఆడవాళ్ళు ఆ నీళ్ళ ఒడ్డున బతుకమ్మ ఆడారు. నగరం నడిబొడ్డున, కోట్లు పలికే నేల మీద, పండగ కోసం ఒక కుంట తిరిగి వచ్చింది. ఎన్ని మట్టి బొమ్మలు పంచినా రాని మార్పు ఇది. మీ ఊళ్ళో, మీ కాలనీలో కూడా ఇలాంటి పేరున్న కుంట ఒకటి తప్పకుండా ఉంటుంది. రెవెన్యూ రికార్డులో దాని విస్తీర్ణం ఎంతుందో, ఇప్పుడు నీళ్ళు ఎంతలో ఉన్నాయో ముందు తెలుసుకోండి. సమాచార హక్కు దరఖాస్తుకి పెద్ద ఖర్చు కాదు. ఉత్సవ కమిటీ పేరు మీద వేస్తే ఇంకా బాగుంటుంది.

మా కమిటీలో ఈసారి అనుకున్నది ఇది. విగ్రహం ఆర్డర్ మాఘమాసంలోనే ఇచ్చేస్తాం, సగం డబ్బు ముందే కట్టి, మట్టితోనే, మూడడుగులు దాటకుండా, రంగు లేకుండా. చేసేవాళ్ళకి ఎండాకాలం అంతా చేతిలో ఉంటుంది. గునుగు తలలు కార్తీకంలో ఎండాక దులిపితే నల్లటి మెరిసే గింజలు రాలతాయి. వాటిని మూటగట్టి ఉంచి, తొలకరికి ముందు మా వెనక ప్రహరీ పక్క ఖాళీ స్థలంలో చల్లుతాం. యజమాని గారు సరే అన్నారు, ఇల్లు కట్టేదాకా అభ్యంతరం లేదన్నారు. మా నాయన ఊరి నుంచి గింజలు పంపుతానన్నాడు. ఇంకెవరికైనా కావాలంటే అడగండి, కార్తీకం దాటాక ఇస్తాను.